కొండెక్కే లెక్క

జనవరి మొదటి వారంలో ఏ ఊరి పార్కు చూసినా తిరునాళ్లే. కొత్త బూట్లు, కొత్త ట్రాక్ ప్యాంట్లు. సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ అయ్యేలోపు ట్రాక్ మీద మళ్లీ పాత మొహాలే మిగులుతాయి. మానేసినవాళ్లలో చాలామంది బయల్దేరింది ‘బరువు తగ్గాలి’ అనే. ఎంత తగ్గాలి, ఎప్పటికి, ఏం చేసి అంటే జవాబుండదు.

అదే మనిషి తిరుమలకు నడిచొస్తానని మొక్కుకుంటే కథ వేరు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచైతే 2,388. రైలు టికెట్టు చేతికొచ్చిందంటే తేదీ కూడా ఖాయం. ఇక ఆఫీసులో లిఫ్టు జోలికి పోరు. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు, ఆయాసం ఆగదు. ప్రతి మెట్టుకూ పసుపూ కుంకుమా పెడుతూ వంగి లేచే అమ్మలను చూస్తే మన ఆయాసం మీద మనకే సిగ్గేస్తుంది. ఆ తర్వాత దారి కాస్త చదునవుతుంది. గట్టెక్కాంలే అనుకుంటుండగా మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంటి దగ్గర మెట్లెక్కి ఊరుకోరు. గంటసేపు నడిచి, కాళ్లు అలిశాక మళ్లీ మెట్లెక్కుతారు. గమ్యం ఫలానా అని తెలిస్తే రేపు పొద్దున ఏం చెయ్యాలో కూడా అదే చెబుతుంది.

అమెరికా మనస్తత్వవేత్త ఎడ్విన్ లాక్ 1968లో రాసిన వ్యాసంలోనూ ఇదే ఉంది. ‘చేతనైనంత చెయ్యండి’ అన్నప్పటికంటే, కాస్త కష్టమైనా ‘ఇంత’ అని తేల్చి చెప్పినప్పుడే జనం ఎక్కువ చేస్తారని ఆయన తేల్చారు.

అయితే ఆ ‘ఇంత’ ఎవరిదన్నది చూసుకోవాలి. చేతి గడియారాలు రోజూ గుర్తుచేసే పది వేల అడుగులు ఏ డాక్టరూ రాసిన చీటీ కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దాని పేరులోనే ఆ అంకె పెట్టింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళల నడక లెక్కలు బయటికొచ్చాయి. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా కనబడలేదు. మూడు వేలు నడిచే పెద్దాయనకు మొదటిరోజే పది వేలు పెడితే ఆయన మూడోరోజు మంచం దిగడు. నాలుగు వేలంటే వస్తాడు.

మొక్కులో లోపమూ ఉంది, అది తీరిపోతుంది. దర్శనమై, ఇరుగుపొరుగుకు లడ్డూ పంచగానే బూట్లు అటకెక్కుతాయి. నడక నిలబెట్టుకున్నవాళ్లు కొండ దిగేలోపే ఇంకో తేదీ పట్టుకుంటారు. అలాంటివాళ్లకు ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగు ఉంది. అదీ దాటి హాఫ్, ఫుల్ అంటే మాత్రం దారిలో ఫ్లైఓవర్లు కాచుకునుంటాయి. మెట్లెక్కిన కాళ్లు అక్కడ అక్కరకొస్తాయి.