మేఘం దాచిన బలవంతం: కొరెజ్జో ‘జూపిటర్ - అయో’ చిత్ర పరిశీలన

ఉపోద్ఘాతం

యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవన కాలపు చిత్రకారులు నగ్నసౌందర్యాన్ని చిత్రించడానికి గ్రీకు, రోమన్ పురాణగాథలను విస్తృతంగా ఆశ్రయించారు. దేవతల రాజైన జూపిటర్ ఎద్దుగా, హంసగా, బంగారువానగా, మేఘంగా స్త్రీలను చేరిన కథలు వీటిలో ముఖ్యమైనవి. ఈ చిత్రాలను శృంగారరస దృష్టితో ప్రశంసించడం పరిపాటి. అయితే మూలకథలో బలాత్కారంగా ఉన్న ఘట్టం చిత్రంలో సమాగమసుఖంగా ఎలా మారింది? ఇటాలియన్ చిత్రకారుడు కొరెజ్జో సుమారు 1530లో గీసిన ‘జూపిటర్ - అయో’ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలకథ

రోమన్ కవి ఓవిడ్ రచించిన ‘మెటమార్ఫొసెస్’ కావ్యం ప్రథమ భాగంలో ఈ కథ ఉంది. నదీదేవుడు ఇనాకస్ కుమార్తె అయో. జూపిటర్ మాటలు పూర్తికాకముందే ఆమె పారిపోతుంది. అతడు నేలంతటినీ చీకటితో కప్పి, ఆమె పరుగును ఆపి, బలాత్కరిస్తాడు. పట్టపగలు కమ్మిన ఆ మసకను చూసి భార్య జూనో శంకిస్తుంది. ఆమెకు దొరకకూడదని అతడు అయోను ఆవుగా మారుస్తాడు. మాట కోల్పోయిన అయో గిట్టతో మట్టిలో రాసి, తానెవరో తండ్రికి తెలుపుకుంటుంది. కావ్యంలో మేఘం నేరాన్ని దాచబోయి, తానే దానిని బయటపెట్టింది.

చిత్రకల్పన

వెడల్పుకు రెట్టింపుకు మించిన ఎత్తుగల ఈ చిత్రం నేడు వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియంలో ఉంది. ఇందులో అయో మనకు వీపు చూపుతూ తెల్లని వస్త్రంపై కూర్చుని, తల వెనక్కి వాల్చింది. బూడిదరంగు మేఘంలో జూపిటర్ ముఖం లీలగా తోస్తూ ఆమెను ముద్దాడుతోంది. మేఘపు చేయి నడుమును చుట్టుకుంది; ఆమె దానిని విదిలించుకోవడం లేదు. మేనిలోని వెచ్చదనానికీ మేఘంలోని చల్లదనానికీ మధ్యగల వర్ణవైరుద్ధ్యమే ఈ చిత్రానికి ప్రాణం. స్పర్శను కంటికి అందించడంలో కొరెజ్జో నేర్పు అసాధారణం. కానీ ఇక్కడ పరుగు లేదు, భయం లేదు, మట్టిలో రాత లేదు. నేరాన్ని కప్పిన తెర ప్రియుడి దేహమైంది.

క్షణం ఎంపిక

కవిత్వం కాలక్రమంలో సాగుతుందనీ, చిత్రకారుడు ఒకే క్షణాన్ని ఎంచుకోవాలనీ జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ ‘లావోకోన్’ (1766)లో ప్రతిపాదించాడు. దీని ప్రకారం కొరెజ్జో చేసిన మార్పు మాధ్యమపు పరిమితి అనవచ్చు. ఆ వాదన నిలవదు. టిషన్ స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ కోసం 1562లో పూర్తిచేసిన ‘యూరోపా’ కూడా ఒక్క క్షణాన్నే చూపుతుంది. ఎద్దు రూపంలోని జూపిటర్ సముద్రంలోకి తీసుకుపోతుంటే యూరోపా పట్టు తప్పినట్లు ఒరిగి, కొమ్మును పట్టుకుంది. చెలులు దూరపు ఒడ్డున నిస్సహాయంగా మిగిలారు. ఇక్కడా దేహసౌందర్యం ఉంది. దానితోపాటు భయమూ ఉంది. కాబట్టి అయో భయాన్ని తొలగించినది మాధ్యమం కాదు, చిత్రకారుడి ఎంపిక.

తెలుగు ప్రబంధంలో

దాదాపు ఆ కాలంలోనే అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో మాయాప్రవరుడిని సృష్టించాడు. ప్రవరుడి రూపు దాల్చిన గంధర్వుడు, సమాగమ సమయంలో కళ్ళు మూసుకోవాలని వరూధినికి నియమం పెడతాడు. ఆమె కోరినది ప్రవరుడిని, పొందినది మరొకరిని. పెద్దన ఆ ఘట్టాన్ని శృంగారంగానే నడిపినా మోసాన్ని పాఠకుడికి దాచలేదు. కొరెజ్జో చిత్రంలో మేఘంలోని ముఖం కనిపిస్తుంది కానీ, అయో నిరాకరణ ఎక్కడా కనిపించదు.

ముగింపు

ఈ చిత్రపు సౌందర్యాన్ని నిరాకరించనక్కరలేదు. ఆ సౌందర్యం ఏ మాటను చెరిపి నిలిచిందో గుర్తించడం అవసరం. పురాణ చిత్రాలను తరగతిలో బోధించేటప్పుడు మూలకథను పక్కన ఉంచి చదివితే, అయో రసానుభవానికి ఆలంబనగా మాత్రమే గాక, కాదని పరుగెత్తిన స్త్రీగా కూడా విద్యార్థికి తెలుస్తుంది.