పక్క గది తలుపు తట్టేదెవరు?

ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒక కుర్రాడు నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చి నంద్యాలలో చేరతాడు. ఇంజనీరింగ్ కావచ్చు, డిగ్రీ కావచ్చు, రాష్ట్రమంతటినీ ఈ ఊరికి రప్పించే బ్యాంకు కోచింగ్ కావచ్చు. నలుగురితో కలిసి అద్దె గదిలో ఉంటాడు. ఊళ్లో ఆర్‌సీఎం చర్చి గంట మోగితే అమ్మ నిద్ర లేపేది. ఇక్కడ లేపేవాళ్లు లేరు. ఆదివారం పొద్దునే మాక్ టెస్టు. ఏడాది తిరిగేసరికి పూజకు వెళ్లడం పండగలకే పరిమితమవుతుంది. కాలేజీ విద్యార్థుల మధ్య సువార్త పని అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఈ గదే. మన దేశంలోని రెండు క్రైస్తవ విద్యార్థి ఉద్యమాలను ఈ గది ముందు నిలబెట్టి పోల్చాలని నా ప్రయత్నం.

ఒకటి కథోలికులది. అఖిల భారత కథోలిక విశ్వవిద్యాలయ సమాఖ్య 1924లో తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలలో పుట్టింది. అందరూ దాన్ని ఐకఫ్ అంటారు. రెండోది ప్రొటెస్టెంటు సంఘాలన్నిటికీ ఉమ్మడిగా 1954లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా (యూఈఎస్ఐ). తెలుగు విద్యార్థుల నోట అది ‘ఈయూ’.

నిలబడే చోటు దగ్గరే రెంటికీ తేడా మొదలవుతుంది. ఐకఫ్ యేసుసభ గురువుల కళాశాలల్లో వేళ్లూనింది. ఈయూ పుట్టిన 1954లోనే విజయవాడలో అలాంటిదే అయిన ఆంధ్ర లొయోలా కళాశాల తరగతులు ప్రారంభించింది. అలాంటి ఆవరణలో కూడుకోవడానికి గది, నడిపించడానికి ఒక ఫాదర్, పక్కనే ప్రార్థనాలయం సిద్ధంగా ఉంటాయి. ఆ వసతి చిన్నది కాదు, ఎంతోమందిని తీర్చిదిద్దింది. కానీ నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లల్లో ఎక్కువమంది చదివేది ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనూ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ. ఆ ఆవరణ నీడ వాళ్లదాకా రాదు. ఈయూకు సొంత కాలేజీలు లేవు. ఆ లేమే దానికి బలమైంది. ఎక్కడ నలుగురు విశ్వాసులుంటే అక్కడ ప్రేయర్ సెల్ పెట్టుకోవడం అది మొదటినుంచీ నేర్చుకుంది. నడిపేది పాస్టరు గారు కాదు, మూడో ఏడాది చదివే అన్నో అక్కో. చదువు ముగిశాక వాళ్లు పట్టభద్రుల సహవాసంలో చేరి, ఉద్యోగం చేసుకుంటూనే తమ్ముళ్లను చూసుకుంటారు.

నంద్యాల చరిత్ర తెలిసినవారికి ఈయూ ఉమ్మడితనం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1947లో దక్షిణ భారత సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు ఇక్కడి ఆంగ్లికన్లు చాలామంది అందులో కలవలేదు. కలవడానికి 1975 దాకా పట్టింది. శాఖల గీతలు ఇంత లోతుగా ఉన్న నేల మీద వేర్వేరు సంఘాల పిల్లల్ని ఒకే చాప మీద కూర్చోబెట్టడం గొప్ప సంగతి.

ఇక శిష్యరికం మాట. ఈయూ దాన్ని ఒక్కొక్కరి నుంచి మొదలుపెడుతుంది. తెల్లవారుజామున క్వైట్ టైమ్, వాక్య ధ్యానం, పాపం ఒప్పుకోవడం, రక్షణ సాక్ష్యం. గదిలో లేపేవాళ్లు లేని కుర్రాడికి ఇది రోజూ పట్టుకొమ్మ. కథోలిక విద్యార్థి ఉద్యమాలు ఎంచుకున్న దారి వేరు. బెల్జియం గురువు జోసఫ్ కార్డిన్ 1925లో యువ కార్మికుల కోసం నెలకొల్పిన ఉద్యమం నుంచి ‘చూడు, తూచు, చేయి’ అనే మూడడుగుల పద్ధతి వచ్చింది. 1961లో ఇరవై మూడో జాన్ పోపు తన విశ్వలేఖలో దాన్ని మెచ్చుకున్నారు. 1970లో పూనమల్లిలో చేసిన ప్రకటనతో ఐకఫ్ అన్యాయానికి గురైన పేదల పక్షం తీసుకుంది. ఇక్కడ శిష్యుడంటే ప్రార్థించేవాడు మాత్రమే కాదు, తన చుట్టూ ఉన్న బతుకును సువార్త వెలుగులో చదివేవాడు.

ఈ రెండు శిష్యరికాల లోతు కుల ధ్రువపత్రం దగ్గర తేలుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్న దళితులకే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్న దళితులకు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే జ్ఞానస్నానం పేరు ఒకటి, కాలేజీ రిజిస్టరులో పేరు ఇంకొకటి అయిన పిల్లలున్నారు. ‘నీ విశ్వాసాన్ని ధైర్యంగా ఒప్పుకో’ అని అలాంటి పిల్లకు చెప్పేవారు, ఆమె సీటూ స్కాలర్‌షిప్పూ ఆ మాట మీద ఆధారపడి ఉన్నాయని తెలుసుకోవాలి. వ్యక్తిగత సాక్ష్యం మీద నిలిచిన పద్ధతి ఆమె భయాన్ని విశ్వాస లోపంగా పొరబడే ప్రమాదం ఉంది. ‘చూడు’తో మొదలయ్యే పద్ధతి ఆ భయం వెనుకనున్న అన్యాయాన్ని చూస్తుంది. ఈ విషయంలో కథోలిక దారిదే పైచేయి అని నా నమ్మకం. అయితే అన్యాయం గురించి తెలిసి మాట్లాడే సభ నెలకొకటి జరిగినంత మాత్రాన, పరీక్ష తప్పి రాత్రి ఏడ్చే పిల్లకు తోడు దొరకదు. ఆ తోడు ఈయూ అక్క దగ్గర దొరుకుతుంది.

పోపు ఫ్రాన్సిస్ 2019లో యువతకు రాసిన ‘క్రిస్తుస్ వివిత్’ లేఖ యువజన సేవకు రెండు పనులు చెప్పింది: వెతుక్కుంటూ వెళ్లడం, ఎదగనివ్వడం. యువతే ఆ పనికి కర్తలని కూడా చెప్పింది. ఆ లెక్కన వెళ్లడంలో ఈయూ ముందుంది. ఎదుగుదలను సమాజం దాకా చాచడంలో ఐకఫ్ ముందుంది. ఈయూ ఇవ్వలేనిది మరొకటి కథోలిక విద్యార్థికి ఉంది. అది దివ్యసత్ప్రసాదం. ప్రేయర్ సెల్ దాని చోటు తీసుకోలేదు. కానీ సత్ప్రసాదం ఉన్న గుడి దాకా ఆ కుర్రాణ్ని తీసుకొచ్చే చేయి కావాలి.

కర్నూలు మేత్రాసనంలోని మన విచారణలు చేయగలిగిన పని ఇదే. ఇంటర్ పాసైన పిల్లలు ఊరు విడిచేటప్పుడు వాళ్ల పేర్లు పల్లె ఫాదర్ నంద్యాల ఫాదర్‌కు చేర్చాలి. క్లాసులు అయ్యాక సాయంత్రం ఒక పూజ ఉండాలి. విద్యార్థులు కూడుకునే గదిని నడిపే బాధ్యత వాళ్లకే అప్పగించాలి. ఇదే ఊళ్లో చదివి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్న అన్నలు నెలకో సాయంత్రం వాళ్లకివ్వాలి.

తెలుగువారిలో తొలి కార్డినల్, 2022లో ఆ పదవి అందుకున్న పూల ఆంథోని గారు ఈ నంద్యాల ప్రాంతపు పల్లెబిడ్డే. పేదరికం వల్ల ఏడో తరగతి దగ్గర ఆయన చదువు ఆగిపోతే మిషనరీలు ఆదుకుని మళ్లీ బడిలో చేర్చారు. చదువు మానిన పిల్లవాడు తనంతట తానే గుడికి వస్తాడని వాళ్లు ఎదురుచూడలేదు. అలా వెతుక్కుంటూ వెళ్లి చేరదీయాల్సిన పిల్లలు ఇప్పుడు నంద్యాల అద్దె గదుల్లో ఉన్నారు. ఈసారి వాళ్ల దగ్గరకు వెళ్లవలసింది పక్క గదిలో చదువుకుంటున్న కథోలిక విద్యార్థే.