కడుపులోనే పడే వేలిముద్ర

కోడుమూరు మగ్గాల మీద గద్వాల చీర నేస్తుంటే చూడాల్సింది అంచు దగ్గర. ఒడలు నూలు, అంచు పట్టు. రెండు రకాల పోగులు ప్రతి వరుసలోనూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. మన చర్మమూ అలాంటి పనే. వేర్వేరు చోట్ల పుట్టిన కణాలు చేరి, అతుకు కనబడకుండా ఒకటైన పని.

మూడో వారంలో పిండం పైపొర ఒకే వరుస కణాలు. దాని నడిమి భాగం మడతపడి గొట్టమై మెదడు, వెన్నుపాము అవుతుంది. మిగిలిన భాగం దాన్ని కప్పి చర్మమవుతుంది. ఈ గొట్టం నాలుగు వారాలకల్లా మూసుకోవాలి. అప్పటికి చాలామంది తల్లులకు కడుపుతో ఉన్న సంగతే తెలియదు. గొట్టం సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ ఆమ్లాన్ని ముందునుంచే వేసుకోమనేది అందుకే. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే మందుల కంపెనీ బృందాన్ని 1940లలో నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

లోపలి చర్మం మరో పొర నుంచి వస్తుంది. రంగునిచ్చే కణాలైతే ఆ గొట్టం అంచుల దగ్గర బయలుదేరి, ఒళ్లంతా పాకుతూ రెండో నెల ముగిసే వేళకు పైపొరను చేరతాయి. బొల్లిలో మనం పోగొట్టుకునేది ఇంత దూరం నడిచొచ్చిన వాటినే. ఈలోగా పైన ఒక తాత్కాలిక పొర కప్పి ఉంటుంది. అవయవాలు ఒకదానికొకటి అంటుకుపోకుండా కాచి, ఆరో నెలలో అసలు చర్మం గట్టిపడ్డాక ఉమ్మనీటిలోకి రాలిపోతుంది. అంతకుముందే పుట్టిన బిడ్డ ఒంట్లో నీరు చర్మంలోంచే ఆవిరైపోతుంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వేలికొన. మూడో నెలలో అక్కడి మెత్తలు ఉబ్బి ఉండగా పైపొర అడుగు నుంచి గట్లు లోపలికి దిగుతాయి. మెత్త నడుమ, గోరు కింద, కణుపు గీత దగ్గర మొదలై అలలుగా పరుచుకుంటాయని ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 2023లో చూపారు. ఆ అలలు ఎక్కడ కలిశాయన్నదాన్ని బట్టి సుడి, మెలిక, వంపు. ఒకే పోలిక కవలలకైనా ముద్రలు వేరు. అయిదో నెలకల్లా ఆ రూపం ఖాయం.

కష్టం చేసే చేతుల్లో ఆ గీతలు అరుగుతాయి. రేషను దుకాణంలో మిషను వేలు పట్టదు. అరిగింది పైవరుసలే. అచ్చు అడుగున, రెండు చర్మాలు కలిసే చోట ఉంది. కొన్నాళ్లు ఆ చేతికి పని తప్పితే అవే గీతలు, అదే వరుసలో మళ్లీ పైకి తేలతాయి.