రంగు కింద ఇత్తడి

పెయింటర్‌కి తలుపు వేరు, గొళ్లెం వేరు కాదు. సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో రంగులు వేయిస్తారు. రోజుకూలీ తొందరలో బందులు విప్పే ఓపిక ఎవరికుంటుంది? బ్రష్ అన్నిటి మీదా ఒకేలా నడుస్తుంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో టేకు తలుపుల గడియలు గీకి చూస్తే ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద బూడిద రంగు. టవర్ బోల్టు కదలదు, కిటికీ కొక్కెం రింగులో పట్టదు. పాడైపోయాయని తూకానికి అమ్మేస్తారు. పాడైంది గడియ కాదు, దాని మీద పేరుకున్న రంగు.

ముందు అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకుంటే లోపల ఇనుమే, పైన ఇత్తడి పూత ఉన్నా సరే. అంటుకోకపోతే ఇత్తడి కావచ్చు, అల్యూమినియం కావచ్చు. అల్యూమినియాన్ని సోడా నీళ్లు తినేస్తాయి కాబట్టి అంటుకోనిది ఈ రెండింటిలో ఏదో ముందే తేల్చుకోవాలి.

విప్పడంలోనే సగం పనితనం ఉంది. స్క్రూ గాడిలో గడ్డకట్టిన రంగును మొనదేలిన మేకుతో తవ్వి, గాడికి నిండుగా పట్టే స్క్రూడ్రైవర్ వాడాలి. సన్నదాంతో తిప్పితే గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లింగే గతి. బరువైన తలుపుకి బందులు ఒక్కొక్కటిగానే తీయాలి.

మళ్లీ వంటకు వాడని పాత స్టీలు గిన్నెలో నీళ్లు, రెండు చెంచాల వాషింగ్ సోడా వేసి, సామాను మునిగేలా ఉంచి, ఆరుబయట సన్నసెగ మీద కొన్ని గంటలు కాగనివ్వాలి. సోడా ఎనామిల్ రంగులోని నూనె పట్టును సబ్బుగా మారుస్తుంది. వేడికి లోహం, రంగు వేర్వేరుగా సాగుతాయి. దాంతో పొరలు ఉడికిన వేరుశనగ పొట్టులా జారిపోతాయి. మిగిలింది కొబ్బరి పీచుకే లొంగుతుంది.

ఉప్పుకాగితం మాత్రం వద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పొరల్లో ఎంతైనా ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. మంటతో కాల్చడమూ ప్రమాదమే. ఊడిన పెచ్చుల్ని కవర్లో కట్టాలి, కాగిన సోడా నీళ్లు మొక్కలకు పోయకూడదు.

ఇనుము చూస్తుండగానే తుప్పు పడుతుంది. వెంటనే తుడిచి, ఎండబెట్టి, కుట్టుమిషన్ నూనె రాయాలి. ఇత్తడికి చింతపండు చాలు. అద్దంలా తోమేవాళ్లున్నారు గానీ, చెయ్యి తగిలే చోట మెరుపు, తగలని చోట గోధుమ ఛాయ ఉంటేనే పాత గొళ్లేనికి అందం.

తిరిగి బిగించేటప్పుడు వదులైన రంధ్రాల్లో ఫెవికాల్ రాసిన వెదురు పుల్ల దూర్చాలి. ఇత్తడి స్క్రూ మెత్తన. ముందు అదే సైజు ఉక్కు స్క్రూతో దారి చేసి, ఆ తర్వాత దీన్ని ఎక్కించాలి.

ఈసారి రంగులు మాట్లాడేటప్పుడు గడియలు, బందులు విప్పే కూలీ విడిగా ఇస్తామని పెయింటర్‌తో ముందే చెప్పండి.