స్టూడియో గోడల మధ్య సముద్రం

ఫిరంగుల పొగలోంచి నావికులు తాళ్లు పట్టుకుని శత్రువుల ఓడ మీదికి దూకుతారు. ఎరల్ ఫ్లిన్ కత్తి దూసి ముందుంటాడు. 1940లో వచ్చిన ‘ది సీ హాక్’లో పేరుమోసిన పోరాటం ఇది. అందులో చాలా భాగాన్ని సముద్రం మీద కాదు, కాలిఫోర్నియాలో కప్పు కింద తీశారు. వార్నర్ బ్రదర్స్ సంస్థ 21వ నంబరు స్టేజీలో పెద్ద నీటితొట్టి ఏర్పాటు చేసి, అందులో రెండు ఓడలను నిలబెట్టింది. ఒకటి 135 అడుగుల ఇంగ్లీషు యుద్ధనౌక, రెండోది 165 అడుగుల స్పానిష్ ఓడ. హైడ్రాలిక్ జాకీలు వాటిని కింది నుంచి ఊపేవి.

1924లో ఫ్రాంక్ లాయిడ్ ఇదే పేరుతో మూకీ తీసినప్పుడు ఓడలను కాటలీనా ద్వీపం దగ్గర నిజంగానే సముద్రంలోకి దించారు. టాకీలు వచ్చాక లెక్క మారింది. గాలి హోరులో మాటలు సరిగా రికార్డు కావు. మబ్బు పట్టిందంటే పొద్దున తీసిన షాటుకూ సాయంత్రం తీసిన షాటుకూ వెలుగు పొసగదు. దర్శకుడు చెప్పినప్పుడే కెరటం లేవదు కదా! కళాదర్శకుడు ఆంటన్ గ్రాట్ ఆధ్వర్యంలో స్టూడియోవాళ్లు అలలు కదులుతున్న భ్రమ కలిగించే యంత్రాన్నే తయారు చేశారు. దానికి అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది.

పొదుపుకూ లోటు లేదు. 1935 నాటి ‘కెప్టెన్ బ్లడ్’లో పాత మూకీ షాట్లు వాడుకున్నారు. ‘సీ హాక్’లోకి వచ్చేసరికి ‘కెప్టెన్ బ్లడ్’ షాట్లు దిగాయి. పాత చీరలతో బొంత కుట్టినట్టే, అతుకులు కనిపించకపోవడంలోనే పనితనం.

చివరి కత్తియుద్ధం చూడండి. ప్రతినాయకుడు హెన్రీ డానియెల్‌కు కత్తి తిప్పడం రాదు. దర్శకుడు మైకేల్ కర్టిజ్ డూపును పెట్టి, ఇద్దరి నీడలనూ పెద్దవిగా గోడల మీద పరిగెత్తించాడు. మధ్యమధ్య కొవ్వొత్తులు తెగిపడుతుంటాయి. ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ సంగీతం పోరును పరుగులు పెట్టిస్తుంది. నటుడి లోపాన్ని కప్పడానికి వేసిన ఎత్తు కాస్తా సినిమాకే ఆకర్షణ అయింది.

స్టూడియోలోనే సముద్రాన్ని నమ్మించే ఈ పద్ధతికి మన సినిమాల్లో దగ్గరి చుట్టం ‘ఘాజీ’. జలాంతర్గామి కథతో సంకల్ప్ రెడ్డి తీసిన తొలి చిత్రం. 2017 ఫిబ్రవరి 17న తెలుగు, హిందీల్లో విడుదలై, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. ఇక్కడ తెరచాపలు లేవు, తాళ్లు లేవు. జలాంతర్గామికి కిటికీలే ఉండవు. నీట మునిగాక శత్రువు జాడ చెవికి తెలియాల్సిందే. అందుకే సోనార్ దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి ముఖమే ఇందులో సముద్రం. అతను కనుబొమ్మలు ముడిస్తే ప్రేక్షకుడు ఊపిరి బిగబడతాడు. కెప్టెన్‌గా కె.కె. మేనన్ ఆర్డరు వేస్తాడు, పక్కవాడు దాన్ని తిరిగి పలుకుతాడు, అది ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్తుంది. ఆ వరస చాలు, ఓడ కదిలిందని నమ్మడానికి. జలాంతర్గామి దెబ్బతిని పైకీ కిందికీ తప్ప ఎటూ కదలలేని స్థితికి వస్తే, రానా పాత్ర ధ్వనినే ఆయుధం చేసుకుంటుంది. సిబ్బంది జనగణమన ఎత్తుకుంటారు. ఆ పాట శత్రువు చెవిన పడి అతన్ని రెచ్చగొడుతుంది. కెమెరా బయటి నీళ్లలోకి వెళ్లినప్పుడు గ్రాఫిక్స్ తేలిపోయినా, లోపలి ఇరుకులోకి రాగానే సినిమా మళ్లీ పట్టు బిగిస్తుంది.

ఆ ఇరుకును స్వయంగా చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లాలి. 1969లో నౌకాదళంలో చేరిన జలాంతర్గామి ఐఎన్ఎస్ కుర్సురా 2001లో విరమణ పొంది, మరుసటి ఏడు అక్కడ మ్యూజియమైంది. 91 మీటర్ల పొడవున్నా, గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి దూరాల్సిందే.   

చరిత్ర విషయంలో మాత్రం రెండు సినిమాలూ చనువు తీసుకున్నాయి. ‘సీ హాక్’ నాయకుడు థార్ప్ కల్పితం, అతని వెనక ఫ్రాన్సిస్ డ్రేక్ నీడ ఉంది. ఎలిజబెత్ రాణి ముగింపు ప్రసంగమైతే హిట్లర్‌తో పోరాడుతున్న 1940 నాటి బ్రిటన్‌ను ఉద్దేశించిందే. ‘ఘాజీ’లోని భారత జలాంతర్గామి ఎస్-21 సాహసాలూ కల్పనే. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీని ముంచిన ఘనతను భారత నౌకాదళం ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కు ఇస్తుంది. పాకిస్తాన్ మాత్రం అది ప్రమాదమంటుంది. కుర్సురా చూసి బయటికొచ్చినవాళ్లకు అదే బీచ్‌లో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం కూడా కనిపిస్తుంది.