పాత పత్రికలు - చిత్రప్రమాణము

గతకాలమును కథగా వ్రాయువానికి మాటలు చాలును. దానిని రంగస్థలముపై చూపువానికి, బొమ్మగా గీయువానికి అవి చాలవు. ఆనాటి పత్రిక శీర్షిక యే లిపిలో నుండెను, పుటలో చిత్రమున కెంత చోటుండెను అను ప్రశ్నలకు అతడు సమాధానము వెదకుకొనవలెను. ఈ విచారణ మన నాటకములందును, బాలల పుస్తకముల బొమ్మలందును మిక్కిలి కొఱవడియున్నది.

ఇటీవల గోల్నాకకు సమీపమున నొక పాఠశాలలో బాలురు షోయబుల్లాఖాను కథను నాటకముగా నాడిరి. 'ఇమ్రోజ్' సంపాదకుడై, హైదరాబాదు భారతదేశమున చేరవలెనని వ్రాసినందులకు 1948 ఆగస్టులో రజాకార్లచే హతుడైన యువకుడాయన. బాలుర నటనలో లోపము లేదు. కాని కథానాయకుని చేతిలోనిది తెలుగు పత్రిక. అందు రంగుల ఫొటో! ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక. స్వల్పదోషమని పలువురు నవ్వి యూరకొనిరి. నాకట్లు తోచలేదు. ముస్లిము యువకుడొకడు ఉర్దూ పాఠకుల కుర్దూలోనే మతోన్మాదమును ఖండించి చెప్పెననుటయే ఆ కథకు ప్రాణము. లిపి మాఱినంతనే ఆ ప్రాణము పోయినది. తప్పు బాలురది గాదు, వారికి మూలమును చూపని మాబోటి ఉపాధ్యాయులది.

వెదకదలచినవానికి దారులు దూరమున లేవు. తార్నాకలో రాష్ట్ర పురాలేఖాగారము గలదు. చేరువనే ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయము. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞానకేంద్రము, సుల్తాన్‌బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఉన్నవి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో నెలకొల్పిన 'గోలకొండ' మొదలగు తెలుగు పత్రికల సంచికలు ప్రెస్ అకాడమీవారి పూనికతో అంతర్జాలమునకును ఎక్కినవి.

అయితే ఛాయాప్రతులలో నొక చిక్కు గలదు. పత్రికలోని ఫొటో సన్నని చుక్కల కూర్పు. కేవలము నలుపు తెలుపులుగా తీసిన ప్రతిలో అక్షరము తేటపడును గాని, చుక్కలు కలిసిపోయి ముఖము మసియగును. కావున చిత్రము కోరువాడు వీలున్నంతవఱకు కాగితపు ప్రతినే చూడవలెను. కత్తిరింపుతో తృప్తిపడక, వెల, తేది, ప్రకటనలతోగూడ పుట నంతయు పరికింపవలెను.

మఱియొక హెచ్చరిక. ప్రకటనలో నవ్వుచున్న గృహిణి అమ్మకందారుడు కోరిన గృహిణి. ఆనాటి యింటింట అట్టి చీర, అట్టి నగ యుండెనని నమ్మరాదు. చిత్రపు దిమ్మె చేయించుట ఖర్చుతో గూడిన పని. అది ప్రభువులకు, నాయకులకు దక్కినట్లు కూలిస్త్రీకి, పాకీపనివానికి దక్కుట యరుదు. చిత్రమున లేనివారు కాలమునను లేరని తలచినచో చరిత్రకు రెండవమాఱు అన్యాయము చేసినవారమగుదుము. భాగ్యరెడ్డివర్మగారు 1931లో ప్రారంభించిన 'భాగ్యనగర్' వంటి పత్రికలను గూడ వెదకవలసినది ఇందులకే.

ఆ బాలురను త్వరలో తార్నాకకు తీసికొనిపోవ నిశ్చయించితిని. పాఠకులకు నొక మనవి. మీ అటకమీద పాత పత్రికల కట్ట యున్నచో, చిత్తుకాగితముల వర్తకునికి తూచి యిచ్చుటకు ముందు ఒక్కమాఱు విప్పి చూడుడు.