‘న్యూ కెరీర్స్ ఫర్ ది పూర్’: ఒక విమర్శనాత్మక పరిశీలన

మానవ సేవలు, కౌన్సెలింగ్ రంగాల్లో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ చదువు అమెరికా కమ్యూనిటీ కళాశాలల్లో 1960లలో ఎలా వేళ్ళూనుకుందో కిందటి భాగంలో చదివారు. 1963 నాటి కమ్యూనిటీ మానసిక ఆరోగ్య చట్టం వల్ల కొత్త కేంద్రాలు వెలిశాయి గాని, వాటిలో పనిచేయడానికి సరిపడా మనుషులు లేరు. ఆ ఖాళీని ఎవరితో నింపాలన్న ప్రశ్నకు ఆర్థర్ పెర్ల్, ఫ్రాంక్ రీస్‌మన్‌లు 1965లో ప్రచురించిన ‘న్యూ కెరీర్స్ ఫర్ ది పూర్’ ఒక సమాధానం ఇచ్చింది. ఆ సమాధానం ఎంతవరకు నిలిచిందో ఇక్కడ చూద్దాం.

ముందు చదువు, తరువాత ఉద్యోగం అన్నది మనకు అలవాటైన వరస. రచయితలు దాన్ని తిరగేశారు. బీదవారికి ముందు ఉద్యోగం ఇవ్వండి, పని చేస్తూండగానే చదువు చెప్పండి, సహాయకుడిగా చేరిన మనిషి మెట్టు మెట్టుగా నిపుణుడయ్యే దారి ఉంచండి అన్నారు. సేవలు పొందేవారే సేవలు అందించేవారవుతారు. బీదల వాడ సంగతి ఆ వాడ మనిషికి తెలిసినంతగా పట్టా పుచ్చుకుని బయటినుంచి వచ్చినవారికి తెలియదు. పైగా ఇతరులకు సాయపడడం వల్ల సాయపడిన మనిషి కూడా బాగుపడతాడని రీస్‌మన్ అదే ఏడాది విడిగా ఒక వ్యాసంలో వాదించాడు. ఈ రచనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ గౌరవ భావమే. బీదవాణ్ణి దయకు పాత్రుడిగా గాక పనివాడిగా చూడడం ఆనాటి సంక్షేమ సాహిత్యంలో తరచుగా కనిపించదు.

అయితే జీవితానుభవాన్నే అర్హతగా తీసుకోవడంలో ఒక చిక్కుంది. ఒక ఉదాహరణ ఊహించండి. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసిన బాధ స్వయంగా అనుభవించిన స్త్రీ సహాయకురాలిగా చేరింది. పక్కవీధి మనిషి అదే కష్టంతో ఆమె దగ్గరకు వచ్చాడు. అతని బాధ ఆమెకు వెంటనే అర్థమవుతుంది. కాని అతను చెప్పిన మాట వీధిలోకి పోకుండా ఎలా కాపాడాలి? తన కథను అతని కథతో కలపకుండా ఎలా వినాలి? తన చేతిలో లేని సమస్యను ఎవరి దగ్గరకు పంపాలి? ఇవి అనుభవం నేర్పేవి కావు. పర్యవేక్షణలో చేసే క్షేత్రకార్యం నేర్పాలి. కమ్యూనిటీ కళాశాల అవసరం సరిగ్గా ఇక్కడే వస్తుంది.

అసలు దెబ్బ తగిలింది మెట్ల దగ్గర. 1966లో షోయర్ సవరణ ద్వారా ఇటువంటి ఉద్యోగాలకు ప్రభుత్వ నిధులు వచ్చాయి. కింది మెట్టు మీద చాలామంది చేరారు, పై మెట్లు మాత్రం కదలలేదు. న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లోని లింకన్ ఆసుపత్రి మానసిక ఆరోగ్య విభాగం ఈ ఆలోచనకు పేరుపొందిన ప్రయోగశాల. 1969 మార్చిలో అక్కడి స్థానిక కార్యకర్తలే పరిపాలన కార్యాలయాలను ఆక్రమించుకున్నారు. ఉద్యోగోన్నతికి దారి లేకపోవడం వారి ఫిర్యాదుల్లో ఒకటి. మెట్లు ఎవరి అధీనంలో ఉన్నాయన్న ప్రశ్నను పుస్తకం తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. నేడు అమెరికా రాష్ట్రాలలో లైసెన్సు పొందిన వృత్తి కౌన్సెలర్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ కావాలి. రెండేళ్ళ చదువు ముగించినవారు కేసు సహాయకులుగానో, గృహాలలో సంరక్షకులుగానో చేరతారు. పై చదువుకు వెళ్ళినప్పుడు క్షేత్రకార్యపు క్రెడిట్లన్నీ లెక్కలోకి వస్తాయన్న హామీ కూడా లేదు.

మరి వీరి పని నాసిరకమా? 1979లో జోసెఫ్ డర్లక్ 42 అధ్యయనాలను పరిశీలించి, వృత్తి శిక్షణ లేని సహాయకుల ఫలితాలు నిపుణుల ఫలితాలతో సమానంగానో, మెరుగ్గానో ఉన్నాయన్నాడు. దీన్ని తుది తీర్పుగా రాసుకోకండి. నిపుణుడని ఎవరిని లెక్కించారు, అధ్యయనాలు ఎంత పటిష్ఠమైనవి అంటూ 1981లోనే గట్టి అభ్యంతరాలు వచ్చాయి. అయినా డిగ్రీ పెరిగితే ఫలితం దానంతటదే పెరుగుతుందని చెప్పడానికి ఆ తరువాత ఎవరికీ ధైర్యం చాలలేదు.

పుస్తకం కలగన్న దారి కొంతైనా మిగిలి ఉన్నది మద్యం, మాదకద్రవ్యాల వ్యసన చికిత్సలో. చాలా రాష్ట్రాల్లో మాస్టర్స్ డిగ్రీ లేకున్నా నిర్ణీత గంటల తరగతులు, పర్యవేక్షణలో పని పూర్తిచేసి ధ్రువపత్రం పొందవచ్చు. అలా వచ్చేవారిలో ఒకప్పుడు తామే ఆ వ్యసనం నుంచి బయటపడినవారు ఎందరో ఉన్నారు.